నాలుగువందల పన్నెండు కిలోల చిల్లర

పానకాలరావుకి ప్రపంచంలో ఎవరికీ తెలియని రహస్యం ఒకటి తెలుసు. కనీసం ఎనిమిదేళ్లపాటు ఆయన అలాగే అనుకున్నాడు.

ఆ రహస్యం ఆయనకి పునుగుల పొట్లంలో దొరికింది. గంటలపూడి బస్టాండు పక్కన బండి దగ్గర పునుగులు కట్టించుకుని, తిన్నాక చేతులు తుడుచుకోబోతూ ఆ కాగితం చదివాడు. పాత రకం ఐదు రూపాయల బిళ్లలో ఉన్న రాగీ నికెలూ విడిగా అమ్మితే ఐదు రూపాయల కన్నా ఎక్కువే పలుకుతాయని అందులో ఎవరో రాశారు. తర్వాతి నాలుగు వాక్యాలూ నూనెలో కలిసిపోయాయి. వాటిలో ఏముందో తెలుసుకోవాలని ఆయనకి తోచలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అసలు సంగతంతా ఆ నూనె మరకలోనే ఉండి ఉంటుంది.

ఆ మర్నాడే పాత నెయ్యి డబ్బా ఒకటి తీసి, మూతకి గంటు పెట్టించి, తాళంకప్ప వేశాడు. ఇంట్లోకి వచ్చిన ప్రతి బిళ్లా ఆ గంటులోంచి లోపలికి పోవాల్సిందే. పాతవా కొత్తవా అని తేడా పెట్టుకోలేదు. ఇవాళ కొత్తదే రేపటికి పాతది కాకపోతుందా అని ఆయన లెక్క. నెలకోసారి, మొదటి ఆదివారం, డబ్బాని స్ప్రింగు త్రాసుకి తగిలించి బరువు చూసి కాలెండరు మీద రాసుకునేవాడు. లోపల ఎన్ని రూపాయలున్నాయో ఆయనకి తెలియదు. రూపాయలు లెక్కపెట్టుకోవడం లోహం సంగతి తెలియనివాళ్లు చేసే పని అని ఆయన ఉద్దేశం.

"బిళ్లలు బయటికి పోకూడదంటే కొత్తిమీర ఎట్లా కొనుక్కురావాలండీ?" అని ఆయన భార్య భ్రమరాంబ మొదటి రోజే అడిగింది.

"నోటివ్వు. మిగిలిన బిళ్లలు పట్టుకురా" అన్నాడు.

ఆవిడ ఆయన వంక ఒకసారి చూసి, సంచీ తీసుకుని బజారుకి వెళ్లిపోయింది. ఆ చూపుకి అర్థం తెలుసుకోవడానికి ఆయనకి ఎనిమిదేళ్లు పట్టింది.

ఇంట్లో ఇంత దూరదృష్టి ఉన్న మనిషి ఆఫీసులో చూసేది చీపుళ్లూ, బ్లీచింగు పౌడరూ, వీధిలైట్ల బల్బులూను. గంటలపూడి పురపాలక సంఘంలో ఆయన స్టోర్సు గుమాస్తా. ముప్పై మూడేళ్ల సర్వీసు నిండింది, ఇంకా పదకొండు నెలలుంది. ఆ పదకొండు నెలలూ మచ్చ లేకుండా గడిపేసి, స్టోర్సులో బాకీ ఏమీ లేదని ధ్రువపత్రం తీసుకుంటే పెన్షను వస్తుంది. వెనకేసిన ఆస్తి వేరే లేదు కాబట్టి మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ పెన్షను మీదే బతకాలి. అలాంటివాడు నోరు మూసుకుని కూర్చోవచ్చు. కూర్చోలేదు.

కొత్తగా వచ్చిన కమిషనరు శశిభూషణం గారు రెండు వారాల శిక్షణకి వెళ్లొచ్చారు. ఎక్కడెక్కడ విలువ దాగి ఉందో వెలికితీయడం ఎలాగో అక్కడ నేర్పారట. వచ్చిన మర్నాడే సిబ్బందినందరినీ కూర్చోబెట్టి, టీ, బిస్కట్లు ఇప్పించి, గొంతు సవరించుకున్నారు.

"ఈ కార్యాలయంలో నిద్రాణంగా ఉన్న విలువ ఏది? దాన్ని మనం ఎప్పుడైనా గుర్తించామా? గుర్తించని విలువ లేని విలువతో సమానం."

నిద్రాణంగా ఉన్నది తామే అని అందరికీ అనుమానంగా ఉంది. వెనక వరసలో పానకాలరావు నోట్లో బిస్కట్టు ఉంది. ఎనిమిదేళ్ల రహస్యం లోపల్నించి తన్నుకొచ్చింది.

"సార్, బిళ్ల విలువ కన్నా అందులో ఉన్న లోహం విలువే ఎక్కువండి."

పునుగుల కాగితంలో 'పాత' అనే మాట ఒకటుంది. అది బిస్కట్టుతోపాటు ఆయన మింగేశాడు.

కమిషనరు గారు కుర్చీలోంచి లేచారు. "మీ పేరేమిటి?"

"పానకాలరావండి. స్టోర్సు."

"ఇన్నాళ్లూ మిమ్మల్ని చీపుళ్ల దగ్గర కూర్చోబెట్టారా!"

ఆ ఒక్క మాటకి పానకాలరావు కళ్లు చెమర్చాయి. ముప్పై మూడేళ్లలో ఆయన్ని అంత మంచి మాట అన్నవాళ్లు లేరు. జోజిబాబు అని క్యాషియరు ఉన్నాడు, ఆయన మాత్రం లేచి, "సార్, నాణేలు కరిగిస్తే జైలుకి పోతామండి" అన్నాడు.

"మనం కరిగించం జోజిబాబు గారూ. గుర్తిస్తాం. అంతే" అన్నారు కమిషనరు గారు.

వారంలో తీర్మానం తయారైంది. "పురపాలక సంఘమునకు వివిధ పద్దుల క్రింద జమయగు నాణెములను ముఖవిలువతో గాక అంతర్గత లోహవిలువతో గుర్తించి, నగదు పుస్తకమునందు గాక సామగ్రి రిజిస్టరునందు కిలోగ్రాములలో నమోదు చేయవలెను. సదరు నిల్వలకు శ్రీ పానకాలరావు గారు సంరక్షకులుగా వ్యవహరించెదరు." ఆ కాగితాన్ని పానకాలరావు ఇంటికి పట్టుకెళ్లి భార్యకి రెండుసార్లు చదివి వినిపించాడు.

"జీతం ఏమైనా పెరిగిందా?" అందావిడ.

"గౌరవం పెరిగింది."

"సరే, కాళ్లు కడుక్కోండి" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

గంటలపూడి కూరగాయల బజారులో అప్పటిదాకా ఒక పద్ధతి నడుస్తుండేది. పొద్దున్నే ఆశీలు వసూలు చేసే మనిషి గంప గంపకీ తిరిగి ఐదూ పదీ రుసుము తీసుకునేవాడు. మధ్యాహ్నం అదే మనిషి బజారు మధ్య అరుగు మీద చేరి, పొద్దున్న వచ్చిన బిళ్లలన్నీ మళ్లీ గంపలవాళ్లకే ఇచ్చి నోట్లు తీసుకునేవాడు. ఆయనకి బరువు తగ్గేది, వాళ్లకి చిల్లర దొరికేది. ఇలా చెయ్యమని ఎవరూ ఎక్కడా రాయలేదు. అందుకే అది ఏళ్ల తరబడి చక్కగా నడిచింది.

తీర్మానంతో అది ఆగింది. బిళ్లలన్నీ సాయంత్రానికి గోనెసంచిలో స్టోర్సుకి రావడం మొదలుపెట్టాయి. పానకాలరావు వాటిని కాటా మీద పెట్టించి, కిలోలు రాసుకుని, గోనె మూతికి లక్క సీలు వేసేవాడు. మొదటి నెలలోనే రెండు బస్తాలయ్యాయి. కమిషనరు గారు రోజూ వచ్చి బస్తాలని చేత్తో తట్టి చూసి వెళ్లేవారు.

మూడో నెలలో సాంకేతిక పరిశీలన కోసం ఇంజనీరు గారు ఒక అయస్కాంతం పట్టుకొచ్చారు. గుప్పెడు బిళ్లల మీద పెట్టి ఎత్తారు. రాగీ నికెలూ కలిసిన బిళ్ల అంటుకోకూడదని పానకాలరావుకి తెలుసు. గుప్పెడులో ముప్పాతిక వంతు గలగలమని లేచి అయస్కాంతానికి వేలాడాయి.

పానకాలరావు అందులో ఒకదాన్ని పీకి చూశాడు. అవి ఇప్పటి బిళ్లలు. ఉక్కువి. లోహంగా చూస్తే రూపాయికి పది, పదిహేను పైసలు చేస్తే ఎక్కువ. అప్పుడు చెప్పెయ్యాల్సింది. చెబితే మళ్లీ చీపుళ్ల దగ్గరికి పోవాలి.

"అయస్కాంతముతో సత్వర అనుబంధము కనబరచినది" అని రాసుకుంటూ ఇంజనీరు గారు, "ఇది మంచిదేనంటారా?" అని అడిగారు.

"శ్రేష్ఠమండి" అన్నాడు పానకాలరావు.

ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున ఇంట్లో నెయ్యి డబ్బాకి కూడా అయస్కాంతం పెట్టి చూడాలనిపించింది. డబ్బాయే ఇనుముదని గుర్తొచ్చి మానేశాడు.

వర్షాకాలం దాటేసరికి ఊళ్లో చిల్లర మాయమైంది. కిరాణా కొట్లో రెండు రూపాయలకి చాక్లెట్లు, మందుల కొట్లో మూడు రూపాయలకి దూది చేతిలో పెట్టేవారు. పురపాలక సంఘం కౌంటరు మీదే బోర్డు పెట్టారు, సరిపడా చిల్లర తెచ్చుకోవలెనని. ఇంటిపన్ను కట్టడానికి ఒక రిటైరైన లెక్కల మాస్టారు వచ్చారు. పన్ను పన్నెండువందల పదమూడు. ఆయన పన్నెండువందల ఇరవై ఇచ్చారు.

"ఏడు రూపాయలు చిల్లర లేదండి" అన్నాడు జోజిబాబు.

"ఆ గదిలో బస్తాలేమిటి?"

"లోహమండి."

"ఏం లోహం?"

జోజిబాబు అబద్ధమాడే మనిషి కాదు. "రూపాయి బిళ్లలండి."

"అందులోంచి ఏడు తీసివ్వు నాయనా."

"ఏడంటే కుదరదండి. సామగ్రి కదా, బరువులో అడగాలి."

మాస్టారు కళ్లు మూసుకుని కాసేపు లెక్క వేశారు. "ఇరవై ఏడు గ్రాములు" అన్నారు.

"అయితే ఇండెంటు పెట్టాలండి. ఏ పనికి వాడతారో రాయాలి. ఫారానికి ఐదు రూపాయలు."

మాస్టారు జేబులోంచి పది నోటు తీసి, జోజిబాబు మొహం చూసి, మళ్లీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఇదంతా పక్క గదిలోంచి పానకాలరావు విన్నాడు. సీలు వేస్తున్న లక్క వేలి మీద పడినా నోరెత్తలేదు.

తర్వాత బజారువాళ్లు వచ్చారు. ముందు నిలబడింది ఆకుకూరల మస్తానమ్మ. ఆవిడ నోరు బజారుకి ఆ చివర్నించి ఈ చివరికి వినిపిస్తుంది.

"ఏందయ్యా కమిషనరుబాబూ, మా బిళ్లలు మాకియ్యరా? ఐదు రూపాయల కట్టకి పది నోటిస్తన్నారు. తిరిగి ఇయ్యటానికి నా కాడ ఏముంది? ఇంకో కట్ట తీసుకోమ్మా అంటే వద్దని ముందుకు పోతన్నారు. సాయంత్రానికి ఆకంతా వాడిపోయిద్ది. పారబోసి ఇంటికి పోతన్నా. పది రోజుల నించీ ఇదే బతుకు."

కమిషనరు గారు ఆవిడని కూర్చోమన్నారు. ఆయన చెడ్డవాడు కాడు. "అమ్మా, మీరు దాన్ని చిల్లరగా చూస్తున్నారు. అక్కడే మీ ఆలోచన ఆగిపోతోంది. మేము దాన్ని ఈ పట్టణ ప్రజల సంపదగా చూస్తున్నాం. ఆ సంపద మీది కూడా."

"నాదయితే నాకియ్యండి."

"సంపదని పంచితే చిల్లర అయిపోతుంది కదమ్మా!"

మస్తానమ్మ పానకాలరావు వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పయ్యా. మీ ఇంటామె నా కాడ రోజూ కొంటది, నీకు తెలవదా నా సంగతి?"

పానకాలరావు రిజిస్టరులోకి తల దించుకున్నాడు.

చిత్రమేమిటంటే ఊరంతా అలా అల్లాడుతుంటే ఆయన ఇంట్లో మాత్రం ఆకుకూరకి లోటు లేదు. చారులో కొత్తిమీర, పచ్చడిలో కొత్తిమీర. పప్పులో తోటకూర అయితే మర్నాడు గోంగూర. అంతంత పెద్ద కట్టలు ఆయన ఎన్నడూ చూడలేదు. "నీలాగా పొదుపుగా సంసారం చేసుకుంటే ఊళ్లోవాళ్లకి ఈ గోల ఉండేది కాదు" అని భార్యని మెచ్చుకున్నాడు. ఆవిడ ఇంకాస్త పచ్చడి వేసింది. ఊళ్లో చిల్లర లేక కొత్తగా బిళ్లలు పడకపోయినా, నెయ్యి డబ్బా నెల నెలా ఉన్న బరువు ఉన్నట్టే తూగుతోంది. ఆ ఒక్కటే ఆయనకి ధైర్యం. ఆఫీసు బస్తాల్లో ఉక్కు ఉంటే ఉండనీ, తన డబ్బాలో అడుగున ఎక్కడో అసలైన పాత ఐదు రూపాయల బిళ్లలు ఉండే ఉంటాయి.

పదో నెలలో ఆడిట్ వాళ్లు వచ్చారు. పద్దెనిమిది బస్తాలు చూశారు. "పది మాసములుగా సదరు లోహముతో ఏ వస్తువూ తయారు చేయబడలేదు. ఏ మరమ్మతుకూ వినియోగింపబడలేదు. కావున దీనిని నిరుపయోగ సామగ్రిగా ఏల పరిగణింపరాదో సంజాయిషీ ఇవ్వవలెను" అని రాసి వెళ్లిపోయారు.

పానకాలరావు జాతకం ఆ కాగితంతో మలుపు తిరిగింది. రిటైరుమెంటుకి నెల రోజులుంది. ఆయన స్థానంలోకి రావలసిన గుమాస్తా గది చూసి, బస్తాల కింద బండలు కుంగి ఉండడం చూసి, ఈ లోహం కదిలితే తప్ప చార్జి తీసుకోనన్నాడు. చార్జి ఇవ్వకపోతే ధ్రువపత్రం లేదు. ధ్రువపత్రం లేకపోతే పెన్షను లేదు. ప్రాణం మీదికి వస్తే మనిషికి నిజం గుర్తొస్తుంది. పానకాలరావు కమిషనరు గారి గదిలోకి వెళ్లి నిలబడ్డాడు.

"సార్, ఆ బిళ్లల్ని మళ్లీ నగదు పుస్తకంలో జమ చేసేసుకుందామండి. కిలోకి రూపాయి బిళ్లలే అనుకున్నా రెండొందల అరవై పడతాయి. మొత్తం లక్ష పైమాటేనండి."

"అంటే లోహాన్ని నాణెములుగా మార్చమంటారు."

"మార్చడం కాదండి, అవి నాణేలే..."

"రిజిస్టరులో ఏమని ఉంది?"

"లోహమనండి."

"లోహాన్ని నాణెంగా మార్చడాన్ని ముద్రణ అంటారు. నాణెములు ముద్రించే అధికారం పురపాలక సంఘానికి ఉందా? చెప్పండి."

"లేదండి."

"రిటైరయ్యే ముందు నన్ను దొంగ నాణేల కేసులో ఇరికిస్తారా పానకాలరావు గారూ!"

ఆ తర్కంలో మొదటి ఇటుక పెట్టింది పానకాలరావే. బయటికి వచ్చి స్టోర్సు గుమ్మంలో కూర్చున్నాడు.

బస్తాలన్నిటినీ నిరుపయోగ సామగ్రి కింద వేలం పెట్టారు. సీలు కవర్లలో ధరలు వచ్చాయి. పాత ఇనుప సామాన్ల కొట్టు ఖాదర్ వలి కిలోకి నలభై ఒకటి రాశాడు. మిగతా ఇద్దరూ ఆయన కన్నా తక్కువ రాశారు. ఆ ఇద్దరూ ఆయన బావమరుదులు.

"నలభై ఒకటా?" అన్నారు కమిషనరు గారు, కొంచెం నిరాశగా. తర్వాత తేరుకున్నారు. "అంతర్గత విలువ అంటే అదే. మార్కెట్టు చెప్పాక మనం కాదనకూడదు." నేల కుంగుతోంది గనక సరుకు ముందు స్వాధీనం చేసి, అదే రోజు ఐదు గంటల లోపు సొమ్ము వసూలు చేయాలని షరతు కూడా రాయించారు.

స్వాధీనం చేసే రోజూ పానకాలరావు ఆఖరి రోజూ ఒకటే అయ్యాయి. పొద్దున పది గంటలకి కాటా పెట్టారు. రిజిస్టరు ప్రకారం నాలుగువందల పన్నెండు కిలోలు ఉండాలి. ఖాదర్ వలి పద్ధతి గల మనిషి. "గోనె బరువు నాకెందుకు సార్, ఇనప తొట్టిలో పోసి తూచండి" అన్నాడు. పోసి తూచారు. నాలుగువందల కిలోల మూడువందల గ్రాములు వచ్చింది.

పానకాలరావు ఖాళీ గోనెలని కాటా మీద పెట్టించాడు. పద్దెనిమిది గోనెలు. ఒక్కొక్కటీ ఆరువందల యాభై గ్రాములు. పది నెలలుగా గోనెతో కలిపి తూచి అంతా లోహమని రాసుకున్నాడు. ఎనిమిదేళ్లుగా ప్రతి నెలా తూకం వేసే మనిషి చేసిన పని ఇది.

"పదకొండు కిలోల ఏడువందల గ్రాముల లోహం తగ్గింది" అన్నారు కమిషనరు గారు, బాధగానే. "మీ వంటి వారి విషయంలో ఇలా జరగకూడదు."

"దాని ఖరీదు నాలుగువందల ఎనభై నా జేబులోంచి కట్టేస్తానండి."

"నగదు తీసుకోవడానికి లేదు. లోహం లోహంగానే జమ కావాలి. సాయంత్రంలోగా తెచ్చి జమ చేస్తే ధ్రువపత్రం మీద సంతకం చేస్తాను."

అప్పుడు పానకాలరావుకి నెయ్యి డబ్బా గుర్తొచ్చింది. మొన్న ఆదివారం పద్నాలుగు కిలోల రెండువందలు తూగింది. ఎనిమిదేళ్ల లోహం కిలో నలభై ఒక్క రూపాయికి పోతుంది. ఆటోలో ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆయనకి దుఃఖం ఆగలేదు. ఆటో అతను ఎవరైనా పోయారా అని అడిగాడు.

ఇంటికి వెళ్లి, ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ తాళం తీశాడు. మూత ఎత్తాడు.

లోపల బిళ్లలు లేవు. ఇనుప తూకంరాళ్లు ఉన్నాయి. ఐదు కిలోలవి రెండు, రెండు కిలోలది ఒకటి, కిలో ఒకటి, అరకిలో ఒకటి, రెండువందల గ్రాములది ఒకటి. బజారులో ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక గంపల కింద మూలపడ్డ రాళ్లు అవి. డబ్బా బరువు అరకిలో కలుపుకుంటే కాలెండరు మీద రాసిన అంకె అక్షరాలా సరిపోతోంది.

భ్రమరాంబ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడేమీ కంగారు పడలేదు.

"తాళంకప్పతో రెండు చెవులు ఇస్తారండీ. రెండోది ఎక్కడుందని మీరెప్పుడూ అడగలేదు" అంది.

"బిళ్లలేవీ?"

"మస్తానమ్మకిచ్చా. ఆవిడ చుట్టుపక్కలవాళ్లకీ ఇచ్చా. మీ ఆఫీసు చేసిన పనికి వాళ్ల బేరాలు పోతుంటే చూస్తూ కూర్చోమంటారా? వందకి వందా నోట్లిచ్చారు. మీ బీపీ మాత్రలూ, గ్యాసు బండా వాటితోనే వచ్చాయి. ఆ పైన వద్దన్నా కొత్తిమీర వేసేవాళ్లు."

"మరి ఈ రాళ్లు?"

"మీరు నెల నెలా తూచుకుని సంతోషపడుతుంటారు కదా. ఆ సంతోషం ఎందుకు చెడగొట్టాలని."

ఆయనకి కోపం రావాలి. రాలేదు. చాలా సిగ్గేసింది. పది నెలలుగా ఊరికి చిల్లర లేకుండా చేసినవాడు తను. దొరికినన్ని బిళ్లలతో పది గంపలు నిలబెట్టింది ఈవిడ. తను చేసిందల్లా బరువు చూసి మురిసిపోవడం. ఆ మాట చెప్పాలని నోరు తెరిచాడు. "పచ్చడి మాత్రం బాగుండేది" అన్నాడు చివరికి.

"ముందు ఆ రాళ్లు పట్టుకెళ్లండి. ఎంత తక్కువైంది?"

చెప్పాడు. ఆవిడ వంగి ఐదు, ఐదు, ఒకటి, అర, రెండువందలు తీసి సంచీలో వేసింది. రెండు కిలోల రాయి మిగిలింది.

ఆఫీసులో ఆ రాళ్లని తూచే పని కూడా లేకపోయింది. బరువు వాటి మీదే పోతపోసి ఉంది. ఇంజనీరు గారు అయస్కాంతం దగ్గరికి తెచ్చేసరికి అది చేతిలోంచి జారి రాయికి అతుక్కుంది. "మొత్తం నిల్వలో ఇంత స్వచ్ఛమైన లోహం ఇదొక్కటే" అని రాసి సంతకం పెట్టారు. నాలుగువందల పన్నెండు కిలోలూ పూర్తయ్యాయి. కిలో నలభై ఒకటి చొప్పున పదహారువేల ఎనిమిదివందల తొంభై రెండు రూపాయలు.

"సరుకు ఇక నాదే కదా సార్?" అన్నాడు ఖాదర్ వలి.

"మీదే. సొమ్ము ఐదు లోపు కట్టాలి."

"ఇప్పుడే కడతా."

ఆయన కింద చాప పరిపించి, తను కొన్న బస్తాల్లోంచి రెండు తెచ్చి దాని మీద గుమ్మరించాడు. ఐదులు ఒక పక్కకి, రెండ్లు ఒక పక్కకి, రూపాయలు ఒక పక్కకి వేరుచేసి, పది పది చొప్పున దొంతర పెట్టి జోజిబాబు వైపు తోయడం మొదలుపెట్టాడు. చూస్తూ నిలబడితే తెమలదని జోజిబాబూ, ఇంజనీరు గారూ, మిగతా గుమాస్తాలూ చాప చుట్టూ కూర్చున్నారు. పన్నెండింటికి మొదలైతే నాలుగున్నరకి పూర్తయింది. రెండో బస్తాలో కొన్ని మిగిలితే ఖాదర్ వలి మళ్లీ మూట కట్టుకున్నాడు. మిగతా పదహారు బస్తాలూ బయట బండిలోకి ఎక్కుతున్నాయి.

జోజిబాబు లేచి నడుం నిటారు చేసుకున్నాడు. "సార్, తీర్మానం ఇంకా అమల్లోనే ఉంది. ఈ వచ్చినవి ఎందులో రాయమంటారు? నగదు పుస్తకంలోనా, సామగ్రి రిజిస్టరులోనా?"

కమిషనరు గారి కలం ధ్రువపత్రం మీద ఆగింది. సామగ్రి అయితే ఇంకో నలభై కిలోలు పానకాలరావు పేరు మీద పడతాయి. ఆయన తల తిప్పి, "పానకాలరావు గారూ, మీరు నిపుణులు. ఇవి ఏమిటి?" అన్నారు.

గదంతా ఆయన వైపు చూసింది. బండి ఇంకా గేటు దాటలేదు. ఇవి డబ్బులంటే బండిలోవి కూడా డబ్బులే.

"డబ్బులండి" అన్నాడు పానకాలరావు.

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో అంత సూటిగా ఆయన ఏదీ చెప్పలేదు. అది కూడా తన పెన్షను కోసం చెప్పాడు. కమిషనరు గారు కిటికీలోంచి బండి వైపు ఒకసారి చూశారు. ఆయన మొహంలో ఏదో తెలిసినట్టు కనిపించింది. తెలిసినదాన్ని రాయడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు కాబట్టి ఆయన తల దించుకుని సంతకం చేసేశారు.

ఖాదర్ వలి బండి నేరుగా బజారుకి పోయింది. ఇన్నాళ్లూ ఎండిపోయిన గంపలవాళ్లు నోట్లు పట్టుకుని ఎగబడ్డారు. నూటికి రెండు రూపాయలు కమీషను తీసుకున్నాడని తర్వాత తెలిసింది. చిల్లర కొరత తీర్చినందుకు ప్రశంసాపత్రం మాత్రం వారం తిరక్కుండా కమిషనరు గారికి వచ్చింది.

ఆ సాయంత్రం పానకాలరావు మెడలో వాడిన పూలదండతో, భుజాన శాలువాతో, జేబులో ధ్రువపత్రంతో బజారు మీదుగా ఇంటికి నడిచాడు. మస్తానమ్మ గంప దగ్గర ఆగి కొత్తిమీర కట్ట తీసుకుని పది నోటు ఇచ్చాడు.

"ఇయ్యాల్టి నించీ మామూలు కట్టేనయ్యా, ముందే చెప్తన్నా" అంటూ ఆవిడ గోనె కింద చెయ్యి పెట్టి ఐదు రూపాయల బిళ్ల ఆయన అరచేతిలో వేసింది.

బిళ్ల బరువుగా ఉంది. దళసరిగా, తెల్లగా, అంచు అరిగి ఉంది. పానకాలరావు దాన్ని తిప్పి చూశాడు. పాతది. పునుగుల కాగితంలో చెప్పిన రకం. భ్రమరాంబ ఇచ్చినవాటిలోదే అయి ఉంటుంది. ఎనిమిదేళ్లు వెతికింది ఇప్పుడు చేతిలో ఉంది.

బొటనవేలితో దాని అంచు తడిమాడు.

"ఏందయ్యా, చెల్లదా?" అంది మస్తానమ్మ.

"చెల్లుతుంది. దీనికి పచ్చిమిరపకాయలు వెయ్యి" అని బిళ్ల ఆవిడ చేతిలో పెట్టేశాడు.

నాలుగడుగులు వేసి, ఉండబట్టలేక ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. మస్తానమ్మ దాన్ని అప్పటికే ఇంకెవరికో చిల్లర కింద ఇచ్చేసింది.